వెనక తలుపు

మా కుట్టు ఫ్యాక్టరీకి వెనక ఒక తలుపుంది. నిప్పంటుకుంటే బయటపడడానికి పెట్టారు. తనిఖీవాళ్ళు వచ్చే రోజు తప్ప ఎప్పుడూ దానికి తాళమే. చొక్కాలు ఆ దారిన పోతాయని ఓనరుకు భయం. సూపర్‌వైజర్ని కాబట్టి తాళంచెవి నా దగ్గరే. పొద్దున్నే అరవైమంది ఆడవాళ్ళచేత ప్రార్థన చేయించి, ఆమెన్ అనగానే వెళ్ళి తాళం వేసేదాన్ని. అలా ఆరేళ్ళు వేశాను. అందులో తప్పుందని తట్టలేదంటే అబద్ధం. తట్టింది, దిగమింగుకున్నాను.

ఓనరు మా చర్చిలో సంఘపెద్ద. మా ఆయన ఆయనగారి కారు డ్రైవరు. మేముండే ఇల్లు కూడా ఆయనదే. ఇక నేను నోరెత్తితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

పోయిన నెల ముందు గుమ్మం పక్కనున్న ఇస్త్రీ బల్ల దగ్గర వైరు కాలి హాలంతా పొగ కమ్మింది. అందరూ వెనక తలుపు మీద పడ్డారు. నేను ముందువైపు ఆఫీసులో ఉన్నాను. పరిగెత్తుకొచ్చేసరికి పొగ తగ్గింది గానీ, బొత్తాలు కుట్టే ఆవిడకి తలుపు బాది బాది రెండు చేతులూ వాచిపోయాయి. మేమంతా ఆమెను బొత్తాలావిడ అనే పిలుస్తాం. "ఎక్కడికెళ్ళావక్కా?" అంది, అంతే. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పేటప్పుడు లేచి నిలబడ్డాను. మా సంఘంలో సాక్ష్యమంటే జరిగిన మేలు చెప్పుకోవడమే. ఎవరేం చెప్పినా మాట మాటకీ అందరూ స్తోత్రం అంటారు. ఆవేశంలో ఆ సంగతే మరిచిపోయాను.

"అరవైమందిని లోపలపెట్టి తాళం వేస్తున్నాం" అన్నాను.

"స్తోత్రం" అన్నారు.

"వేసేది నేను. వెయ్యమనేది మన పెద్దగారు."

"స్తోత్రం" అన్నారు, కాస్త గొంతు తగ్గించి.

పాస్టరుగారు గబగబా మైకు అందుకున్నారు. "పొగలో అక్కచెల్లెళ్ళను కాపాడిన దేవునికి వందనాలు చెల్లిద్దాం. అందరూ కళ్ళు మూసుకోండి." అందరూ మూసుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటిదారిలో మా ఆయన ఒక్కటే మాటన్నాడు: "వేరే ఇల్లు చూసుకోవాలేమో."

సోమవారం ఓనరు పిలిచాడు. కోప్పడలేదు. ఆయన గొప్పతనమే అది.

"నీ మాట నా గుండెకు తగిలిందమ్మా. తలుపు తెరిచే ఉంచు. కాకపోతే సరుకు కూడా చూసుకోవాలి కదా. సాయంత్రం గేటు దగ్గర ఒక్కొక్కరినీ సోదా చేసి పంపిద్దాం. సూపర్‌వైజర్లకి అక్కర్లేదులే."

సోదాకి ఒక సెక్యూరిటీ ఆవిడను పెట్టారు. గేటు రోడ్డు మీదికే ఉంటుంది, వెనక తలుపులోంచి వచ్చినా దాన్ని దాటాల్సిందే. ఎదురుగా లారీలవాళ్ళు టీ తాగుతూ చూస్తుంటే, చేతులెత్తి నిలబడాలి. ఆవిడ నడుమూ జాకెట్టూ తడిమి పంపేది. రెండు సాయంత్రాలు అలాగే గడిచాయి. మూడోరోజు మధ్యాహ్నం బొత్తాలావిడ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"తాళం వేసెయ్యక్కా. ఈ సోదా ఆపేస్తారు."

"మొన్న చేతులు వాచేలా ఆ తలుపు కొట్టింది నువ్వే కదే."

"నిప్పు ఎప్పుడో వస్తుంది. ఇది రోజూ వస్తోంది."

మిషన్లు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. అందరూ నన్నే చూస్తున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తాళం వేస్తే వీళ్ళ ప్రాణం నా మెడకు, వెయ్యకపోతే వీళ్ళ మానం నా మెడకు. న్యాయం చేద్దామని లేచినదాన్ని, ఎవరికి చేశానో నాకే తెలియలేదు. ఏడుపొచ్చింది.

"వెయ్యను" అన్నాను. బొత్తాలావిడ వెళ్ళి తన మిషను ముందు కూర్చుంది.

సాయంత్రం బెల్లు కొట్టగానే అందరికన్నా ముందు గేటు దగ్గరికి వెళ్ళి వరసలో మొదట నిలబడ్డాను. రోడ్డు పక్కన మా ఆయన కారు తుడుస్తున్నాడు. నన్ను చూసి తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు.

"మీకెందుకు మేడమ్" అంది సెక్యూరిటీ ఆవిడ.

"కానివ్వమ్మా" అని చేతులెత్తాను. లారీ పక్కనుంచి ఎవరో నవ్వారు. ఆవిడ చేతులు నా నడుము మీద పడ్డప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఎక్కడో మూల, మంచిపని చేస్తున్నానన్న గర్వం లేకపోలేదు.

వెనకనుంచి బొత్తాలావిడ గొంతు మెల్లగా వినిపించింది.

"నువ్వెత్తితే త్యాగం అక్కా. మేమెత్తితే దొంగలం."

తిరిగి చూశాను. ఆమె అప్పటికే ముందుకు జరిగి చేతులెత్తింది. ఇంటికి వెళ్ళడానికి ఆమెకు వేరే దారి లేదు.