అబాయా జేబులో గడియారం

మేడమ్ బురఖాలా తొడుక్కునే నల్ల అబాయాను బల్ల మీద పరిచి ఇస్త్రీ చేస్తుంటే, జేబు దగ్గర గట్టిగా ఏదో తగిలింది మదార్బీకి. చెయ్యి పెట్టి తీసింది. గడియారం. గుల్షన్ దొంగిలించిందని మేడమ్ స్టేషనులో రాయించిన గడియారమే.

తొమ్మిది రోజుల కిందట, దీన్ని ఆ పిల్ల చేతిలో చూశానని వేలిముద్ర వేసి వచ్చింది తనే కదా.

గుల్షన్‌ది కడప. ఆరు నెలలు ఈ ఇంట్లో పనిచేసింది. మదార్బీ పక్కనే పడుకుని, అక్కా అక్కా అంటూ ఉల్లిపాయలు తరిగిపెట్టింది. మేడమ్ దెబ్బలు తాళలేక పారిపోయింది. అప్పుడు ఈ అరబ్బు దేశంలో, సరైన కాగితాలు లేని పనివాళ్ళకు నితాఖత్ మాఫీ నడుస్తోంది. పారిపోయినవాళ్ళను వేలిముద్రలు తీసుకుని ఊరికి పంపేస్తున్నారు. గుల్షన్ కూడా పోయి ఆ వరసలో నిలబడింది. అంతలో మేడమ్ గడియారం కనబడలేదంది.

మదార్బీ మొగుడు మస్తాన్ వలీ అదే ఇంట్లో డ్రైవరు. "ఈడ ఉండేదానికి మన ఇఖామా కాయితాలు పనికి పెట్టుకున్న కఫీల్ చేతిలో ఉండాయి. చూసినానని చెప్పేస్తే ఏం పోతాదిమే? ఒక్క మాటే గదా" అన్నాడు. ఆ ఒక్క మాటా చెప్పి, వేలు ఒత్తేశాక గానీ స్టేషనులో దుబాసీ ఇనాయతుల్లా సార్ నోరు విప్పలేదు. "అమ్మా, ఉత్తగ పారిపోతే చిన్న నేరం, ఇంటికి పంపుతుండె. దొంగతనం పెద్ద నేరం. గిప్పుడు మాఫీ లేదు, జైలే."

నేరానికి తగ్గ శిక్షలు మదార్బీ ఎరగనివా? అత్తగారింట్లో సంగటి గడ్డకడితే తిట్లు. ఎదురు చెబితే ఆ పూట కూడు లేదు. చెప్పకుండా అమ్మ దగ్గరికి పోయొస్తే నెలరోజులు మాటల్లేవు. "నీదేం చిన్న తప్పనుకున్నావా?" అనేది అత్త. మొగుడు చెంప వాచేలా కొడితే మాత్రం అది ఏ తప్పులోకీ రాలేదు. ఇన్ని శిక్షలు పడినదాన్ని, చేతులారా ఇంకో ఆడపిల్లకు వేయించానే అనుకునేసరికి మదార్బీకి తల ఎత్తబుద్ధి కాలేదు. గదిలో ఎవరూ లేకపోయినా చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"టీ ఏదిమే?" అంటూ వచ్చిన మస్తాన్ వలీ గడియారం చూసి తలుపు మూశాడు.

"అది ఆ జేబులోనే పెట్టెయ్. నువ్వు చూల్లేదు."

"అప్పుడు చూడంది చూసినానని చెప్పిస్తివి. ఇప్పుడు చూసింది చూల్లేదనాల్నా?"

"అబద్ధం సాక్ష్యానికి ఎన్నేండ్లు వేస్తారో తెలుసునా నీకు?"

"తెల్దు. దుబాసీ సార్‌ను అడుగుతా."

ఇస్త్రీ పెట్టె తీగ పీకేసింది. మేడమ్ అబాయా సగం ముడతలతో బల్ల మీదే ఉండిపోయింది. మదార్బీ తన పాత అబాయా తొడుక్కుని, గడియారం చున్నీ అంచున ముడేసుకుంది.

మస్తాన్ వలీ గొంతు తగ్గింది. "అది ఎత్తుకుని గడప దాటితే నువ్వూ దొంగవేమే. నిన్నూ లోపలేస్తారు."

"ఏస్తే గుల్షన్ పక్కనే ఏస్తారు," అంది మదార్బీ చెప్పులు వేసుకుంటూ. "ఆ పిల్ల ముఖం చూసి నేను చెప్పాల్సింది ఒకటుండాది."