సాంబ్రాణి పీల్చిన కంప్యూటర్

హలో, ఉన్నారా? నేనండీ, ఆళ్లగడ్డ మోషేని. అందరూ భోంచేశారా? ఒక చేతిలో టీ గ్లాసు పెట్టుకుని ఇంకో చేత్తో టైపు చేస్తున్నాను, అక్షరాలు అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి. నిన్న మన గ్రూపులో ఎవరో కంప్యూటర్ ఫ్యానులో దుమ్ము ఎలా తీయాలని అడిగారు. తలా ఒక మాట చెప్పారు. నేను మాత్రం ఏమీ చెప్పలేదు. ఎందుకంటే ఆ విషయంలో నా అనుభవం కొంచెం గందరగోళంగా ఉంటుంది. అదే ఇప్పుడు చెబుతాను.

ఇది ఎనభై తొమ్మిది నాటి మాట. నాకు పెళ్లయిన కొత్త. బేతంచెర్ల నుంచి నంద్యాలకూ ఆళ్లగడ్డకూ బండలు తోలే లారీకి డ్రైవరుగా ఉండేవాణ్ణి. నా చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. నా భార్య లూదియా మాత్రం ఇంటర్ చదివి, టైపు హయ్యరు పాసై, నంద్యాలలో కంప్యూటర్ కోర్సు కూడా చేసింది. అన్ని చదివినా ఆమెకు దొరికిన పని, తాలూకాఫీసు ముందు వేపచెట్టు కింద ఇంకొకరి టైపు మిషను మీద అర్జీలు కొట్టడం. చుట్టూ మగాళ్లు బీడీలు కాలుస్తూ భుజాల మీదుగా తొంగిచూస్తుంటే ఆమెకు తల తిరిగేది. ఆ పని మానేస్తే చాలని ఆమె రోజూ అనేది.

అప్పుడు మా చర్చి పాస్టరు కృపావరం అయ్యగారు ఒక దారి చూపించారు. ఆయన మా ఊళ్లో చిన్న మిషన్ బడి నడిపేవారు. మద్రాసులో ఎవరో దాత ఆ బడికి పాత కంప్యూటర్ ఒకటి పంపించాడు. బడి గదులకు రేకులు, కింద మట్టి నేల. అక్కడ పెడితే దుమ్ముకు పాడవుతుందని అయ్యగారు దాన్ని మా ఇంటికి తెచ్చి దించారు.

"లూదియా, ఎండాకాలం సెలవులు అయ్యేలోపల దీన్ని నేర్చుకోని, బడి కమిటీవాళ్ల ముందర నడిపించి చూపించు. జూన్‌లో కంప్యూటర్ టీచరు పోస్టు పెడతాండాం. అది నీదే. నడపలేకుంటే నంద్యాల బడికి ఇచ్చేస్తాం. వాళ్లు అడుగుతానే ఉండారు" అన్నారు.

మేం అద్దెకు ఉన్నది పద్మమ్మగారి ఇంట్లో, ముందు వైపు రెండు గదుల్లో. ఆ ముందు గదిలోనే బల్ల మీద కంప్యూటర్‌ని పెట్టాం. ఒక ఇనుప డబ్బా, దాని మీద చిన్న టీవీ, ముందు అక్షరాల పలక. డబ్బా ముఖానికి రెండు చీలికలు ఉండేవి. మొదటి చీలికలో నల్లటి ఫ్లాపీ పెట్టి గొళ్లెం తిప్పి స్విచ్చి వేస్తే, అది గుర్రుగుర్రుమని ఫ్లాపీని చదువుకుని తెర మీద పచ్చటి అక్షరాలు చూపించేది. ఫ్లాపీ చదవలేదంటే ఇక ఏమీ లేదు, ఉత్త ఇనుప డబ్బా.

పద్మమ్మగారిది పాతకాలం నుంచీ పొలాలున్న కుటుంబం. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆమె ఇల్లంతా సాంబ్రాణి పొగ వేసేది, మా గదులతో సహా. మాది ప్రార్థన చేసుకునే ఇల్లని ఆమెకు తెలుసు. "ఇల్లు నాది, దోమలు అందరివీ" అనేది. మేమూ ఎన్నడూ వద్దనలేదు. మొదటి శుక్రవారం ధూపం గిన్నె పట్టుకుని బల్ల దగ్గర ఆగిపోయింది.

"లూదియమ్మా, ఇట్ల రా. ఇది పొగ పీల్చుకుంటాంది సూడు."

నిజమే. గిన్నెలోంచి లేచిన పొగ తీగలా సాగి ఆ చీలికల్లోకి పోతోంది.

"లోపల ఫ్యాను ఉండాదక్కా. ముందర నుంచి గాలి లాగి ఎనక వదుల్తాది" అంది లూదియా.

"ఫ్యానో గీనో. ఇష్టం లేకుంటే పీలుస్తాదా" అని పద్మమ్మ ఇంకాసేపు అక్కడే నిలబడింది. నాకూ ముచ్చటేసింది. అంత పెద్ద చదువుల మిషను మన సాంబ్రాణిని పీలుస్తోందంటే ఎవరికి ముచ్చటేయదు చెప్పండి.

వారం పది రోజులు బాగానే నడిచింది. తర్వాత ఒక పొద్దున స్విచ్చి వేస్తే గుర్రుమంటోంది, గుర్రుమంటోంది, చివరికి తెర మీద ఏదో ఇంగ్లీషు ముక్క. డిస్కు చదవలేకపోతున్నాను, ఇంకోటి పెట్టు అని దాని అర్థమట. లూదియా ఇంకోటి పెట్టింది. అదే మాట. ఆపి మళ్లీ వేసింది. ఈసారి చదివింది. మధ్యాహ్నానికి మళ్లీ చదవలేదు.

నేను లారీ దిగి ఇంటికి వచ్చేసరికి ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఆడనే నిలబడు. బండల పొడి అంతా ఒంటికి పూసుకోని నేరుగా లోపలికొస్తాండావ్. దానికి దుమ్ము పడదంట."

"దానికి పడదు సరే. నేను నీకు పడనా?"

"నువ్వు తర్వాత. ముందు బావి కాడ నీళ్లు పోసుకోని రా, పో."

పాలిషు బండల పొడి ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, గోధుమపిండిలా ఉంటుంది. కనుబొమ్మల మీద కూడా ఉంటుంది. తప్పు నాదేనని నమ్మేశాను. అప్పటి నుంచి బావి దగ్గరే స్నానం, వరండాలోనే భోజనం. ఇంత శుభ్రంగా పెళ్లిరోజు కూడా లేను. అయినా ఆ డబ్బా ఒక పూట చదివేది, ఒక పూట చదివేది కాదు.

అయ్యగారు వచ్చి చూసి, మద్రాసులో వీటిని ఏసీ గదుల్లో పెడతారని చెప్పి, తల గోక్కుంటూ వెళ్లిపోయారు. పద్మమ్మకు మాత్రం ఏ అనుమానమూ లేదు. వీధిలో వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ కిటికీలోంచి చూస్తున్నారు కాబట్టి దిష్టి తగిలిందని తేల్చేసింది. ఇక శుక్రవారం ఒక్కటే కాదు, మంగళవారం కూడా పొగ వేయడం మొదలుపెట్టింది. అది కూడా గిన్నెను సరిగ్గా చీలికల ముందుకు తెచ్చి, విసనకర్రతో విసిరి మరీ.

నంద్యాలలో జయరాజు అని రేడియోలు బాగు చేసే స్నేహితుడు ఉండేవాడు. లారీలో ఎక్కించుకుని తెచ్చాను. అతను డబ్బా మూత విప్పి, కళ్లు చిట్లించి లోపలికి తొంగిచూశాడు.

"ఏందన్నా, అట్ల సూస్తాండావ్?"

"ఏం జెప్పమంటావ్ మోషే. రేడియో అయితే ఇది ఫలానా, అది ఫలానా అని చెప్తా. దీన్లో అన్నీ నల్ల జెర్రుల మాదిరి కాళ్లు పెట్టుకోని పడుకోనుండాయి."

"మరి రేడియో పాడైతే ఏం జేస్తావో అదే జెయ్."

"రేడియో పాడైతే పలకదు. ఇది పలుకుతాది, పలకదు. రెండూ జేస్తాంటే దేన్ని బాగు జెయ్యాల?"

అయినా చేతులు ఊరికే ఉంటాయా. సైకిల్ పంపుతో దుమ్ము ఊదాడు. రంగులేసే కుంచె కొత్తది తెప్పించి మూలమూలలా తుడిచాడు. లోపల నిలువుగా గుచ్చిన సర్క్యూటు పలకలను ఊడదీసి, వాటి అంచులను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చాడు. స్విచ్చి వేస్తే కీక్ కీక్ కీక్ అని ఆపకుండా అరిచింది.

వాకిట్లోంచి పద్మమ్మ, "పాపం, ఏడుస్తాంది" అంది.

జయరాజు చెమట తుడుచుకుని పలకలను బొటనవేళ్లతో గట్టిగా నొక్కాడు. ఈసారి ఒక్కసారే కీక్‌మని, గుర్రుమని, పచ్చ అక్షరాలు వచ్చేశాయి. లూదియా కోడికూర వండింది. జయరాజు తిని, నంద్యాల బస్సెక్కుతూ, "ఏం బాగైందో నన్ను అడగొద్దు" అన్నాడు. అడగలేదు. మర్నాడు శుక్రవారం. శనివారం పొద్దున మళ్లీ అదే ఇంగ్లీషు ముక్క.

లూదియా ఆరోజు అన్నం తినలేదు. కమిటీ వచ్చే రోజు దగ్గర పడుతోంది. "మళ్ల ఆ చెట్టు కిందికే పోతా, ఇంగేముంది" అని మాత్రం అంది. ఊరికే కూర్చోలేక, "ఇంతకూ లోపల ఆ ఫ్లాపీని చదివేది ఏది?" అని అడిగాను.

"దానికీ ఒక హెడ్డు ఉంటాది. మీ లారీలో టేపురికార్డరుకు ఉండదూ, అట్లాంటిదే."

"మా టేపురికార్డరు గరగరమంటే హెడ్డును స్పిరిటుతో తుడుస్తాం."

ఆమె నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. నేను ఏదో మంచి మాట అన్నానని ఆమె ముఖం చూశాకే తెలిసింది. ఆస్పత్రి కాంపౌండరు దగ్గరకు పరుగెత్తి సీసాలో కాస్త స్పిరిటు పట్టుకొచ్చాను. ఆమె చీపురు పుల్లకు దూది చుట్టి, చీలిక వెనకాల ఉన్న పెట్టెను విప్పి, గోరంత ఉన్న ఆ హెడ్డును మెల్లగా తుడిచింది. దూది తేనె రంగులోకి మారింది. దాన్ని నా ముక్కు దగ్గర పెట్టింది.

"వాసన సూడు."

"స్పిరిటు."

"దాని కింద ఇంగోటి ఉండాది, సూడు."

మళ్లీ పీల్చాను. "పద్మమ్మక్క" అన్నాను.

ఆ మాట పద్మమ్మతో చెప్పడం డబ్బా విప్పడం కంటే కష్టమైంది. లూదియా ముందు నడిచింది, నేను వెనక.

"అక్కా, కొన్ని దినాలు మా గదిలో పొగ వద్దక్కా."

"ఏం, మీ అయ్యగారు వద్దన్నాడా?"

"ఆయప్పకు దీంతో పని లేదు. పొగ మసి లోపల పట్టుకోనుండాది."

"దిష్టి పోవాలని నేను జేస్తే, నాతోనే చెడిందంటావ్. అది పీలుస్తాంటే మీరూ సూస్తిరి కదా?"

"సూసినాం అక్కా."

"మరి అప్పుడెందుకు చెప్పకపోతిరి?"

ఆ మాట అనేసి లోపలికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి పద్మమ్మ మా గడప దాకా వచ్చి, లోపలికి చూసి, గిన్నె తిప్పుకుని వెళ్లిపోయేది. మాటలు తగ్గించేసింది. కంప్యూటర్ మాత్రం రోజూ చదివింది. పిల్లవాడి పేరు, మార్కులు కొడితే కూడి, పాసో ఫెయిలో చెప్పే ప్రోగ్రాము ఒకటి లూదియా తయారుచేసింది. నా పేరు కొట్టి చూసింది. ఫెయిలని చెప్పింది. అంత బాగా పనిచేస్తోంది.

కమిటీ వచ్చిన రోజు అయ్యగారితో పాటు గురుస్వామి అనే పెద్దాయన వచ్చాడు. బళ్లో ఏ సామాను కొనాలన్నా ఆయన ఒప్పుకోవాలి. ఇద్దరూ తెల్లబట్టలతో కుర్చీల్లో కూర్చున్నారు. పద్మమ్మ గడప అవతల నిలబడింది. లూదియా ఫ్లాపీ పెట్టి గొళ్లెం తిప్పి స్విచ్చి వేసింది.

గుర్రు. గుర్రు. ఇంగ్లీషు ముక్క.

గడప దగ్గర నుంచి పద్మమ్మ గొంతు వినిపించింది. "సూస్తిరా. పొగ ఆపితిరి, ఆగిపాయ."

నాకు అంతా కలగాపులగం అయిపోయింది. పొగ వేస్తే పాడైంది, మానేసినా పాడైంది. ఇక ఏది నమ్మాలి? లూదియా మాత్రం స్విచ్చి ఆపి, వైరు పీకి, స్క్రూడ్రైవరు తీసుకుంది. కమిటీవాళ్లు చూస్తుండగానే మూత విప్పి, పలకలన్నీ నొక్కి, లోపలి వైర్లు ఊడదీసి మళ్లీ గుచ్చి, పుల్లకు దూది చుట్టి హెడ్డు తుడిచింది. దూది తెల్లగానే వచ్చింది. మల్లెపూవులా ఉంది. మళ్లీ స్విచ్చి వేసింది. పచ్చ అక్షరాలు వచ్చాయి.

"ఇంతకూ ఎందుకు ఆగిందమ్మా?" అన్నారు అయ్యగారు.

"తెలీదయ్యా."

"మరి ఎట్ల పలికింది?"

"అదీ తెలీదయ్యా. ఏదో వైరు వదులైందేమో. నొక్కితే కూర్చుందేమో."

గురుస్వామి కుర్చీలో ముందుకు వంగాడు. "నీకే తెలీకుంటే పిల్లోళ్లకు ఏం చెప్తావమ్మా?"

"ఇప్పుడు మీరు సూసిందే చెప్తానయ్యా. స్విచ్చి ఆపేది, మూత తీసేది, ఒక్కొక్కటే సూసుకుంటా పోయేది. ఆగినప్పుడల్లా ఇదే పని." అంటూ మూత బిగించబోయి ఆగింది. "ఒక స్క్రూ తక్కువుండాది. లోపల పడింటే కాలిపోతాది. యాడ పడిందో రవ్వంత సూడండి, కాళ్లు కదిలించొద్దు."

నేను నేల మీదికి వంగాను. అయ్యగారు లేచి మంచం కిందికి చూశారు. చివరికి గురుస్వామి కూడా పంచె ఎగ్గట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని బండల సందులు వేలితో తడిమాడు. గడప అవతల పద్మమ్మ కాసేపు చూసింది. "అట్ల గాదు, చీపురు పట్టండి" అని లోపలికి వచ్చేసి బల్ల కింద మెల్లగా ఊడ్చింది.

నేల మీద నుంచే గురుస్వామి అన్నాడు, "అయ్యగారూ, నంద్యాలకు ఇస్తే ఆడ ఇది ఆగిపోయినప్పుడు మూత తీసేవాళ్లు ఎవరుండారు?"

"ఎవరూ లేరు."

"అయితే ఈడనే ఉండనీ. జూన్‌లో ఈ పాపనే రమ్మను."

లూదియా తల వంచుకుని ఆ దూది పుల్లను కాగితంలో చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది. ఆ చెట్టు కింది టైపు మిషను దగ్గరకు ఆమె మళ్లీ వెళ్లలేదు. స్క్రూ దొరకలేదు. మూత ఒక వైపు కొంచెం లేచినట్టే ఉండేది, అయినా పనిచేసింది.

ఆ రోజు ఎందుకు ఆగిందో, ఎందుకు కదిలిందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆమెకూ తెలియదట. ఫ్యానులో దుమ్ము గురించి అడిగిన తమ్ముడికి నేను చెప్పగలిగేది ఇంతే. ముందు వైరు పీకు నాయనా, తర్వాత మూత తియ్యి. మీ ఎరుకలో ఎవరైనా ఇప్పుడు విప్పిన డబ్బా ముందు ఏమీ తోచక కూర్చుని ఉంటే, ఈ కథ వాళ్లకు పంపించండి. బాగవుతుందో లేదో నేను చెప్పలేను, తోడుగా మాత్రం ఉంటుంది. ఉంటానండీ, టీ చల్లారిపోయింది.