సిరి పట్టుకున్న కొంగు

ఏడాది నిండని పిల్లకు ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని సుబ్బులుకు వాళ్ళ అత్తగారు చెప్పింది, ఆవిడకు వాళ్ళ అత్తగారు చెప్పిందట. నిజమో కాదో చూసిన పాపాన ఎవరూ పోలేదు. భీమవరం వదిలి కొడుకు గిరిప్రసాద్‌తో నాచారం వచ్చి ఏళ్ళు గడిచినా ఆ మాట మాత్రం సుబ్బులు వెంటే వచ్చింది. అందుకే మనవరాలు సిరి పుట్టగానే హుకుం జారీ చేసింది.

"మొదటి పుట్టినరోజు దాకా ఈ ఇంట్లో పిల్ల ముందుకు కెమెరా రావడానికి వీల్లేదు. ముందే చెబుతున్నాను."

కొడుకూ కోడలూ తలూపారు. ఊపడానికేం, గంగిరెద్దు కూడా ఊపుతుంది. గిరిప్రసాద్ ఉప్పల్‌లో ఓ మందుల కంపెనీలో లెక్కలు చూస్తాడు. అతనికి తల్లి మాటకు ఎదురు చెప్పడమూ చేతకాదు, ఆ మాట వినడమూ చేతకాదు. ఆవిడ గుడికి వెళ్ళినప్పుడల్లా పిల్లకు ఫోటోలు తీసి, కంప్యూటర్లో ఎవరికీ కనబడకుండా దాచి, కెమెరాలోవి చెరిపేసేవాడు. పుట్టినరోజునాడు అన్నీ ఒక్కసారే చూపించి అమ్మను ఆశ్చర్యపరచాలని మొగుడూ పెళ్ళాల పథకం.

ఆ పుట్టినరోజు రాలేదు. ఎండాకాలంలో జ్వరం తగిలి ఆసుపత్రికి తీసుకెళ్ళిన సిరి తిరిగి ఇంటికి రాలేదు.

తర్వాత కోడలు బిందుమాధవి రోజూ మధ్యాహ్నం తలుపేసుకుని కంప్యూటర్ ముందు కూర్చునేది. ఏదో పని నేర్చుకుంటోంది, మంచిదే, మనసు మళ్ళుతుంది అనుకుంది సుబ్బులు. ఒకరోజు కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయి, ఒక్కసారిగా ఎక్కువై వచ్చింది. గదిలోంచి కాలిన వాసన. ఆ వెంటే బిందు కేక.

"అయ్యో, నా సిరి! నా సిరి మళ్ళీ పోయింది!"

అలా గుట్టు రట్టయింది. అత్తగారి కంట పడుతుందని ఒక్క ఫోటో కూడా బయట ప్రింటు వేయించలేదని, ఉన్నవన్నీ అందులోనే ఉన్నాయని బిందు ఏడుస్తూ చెప్పింది. గుమ్మంలో నిలబడి విన్న సుబ్బులు ఒక మాట అనేసింది.

"ఫోటోలు తీశారా? అయితే అందుకేనన్నమాట, బిడ్డ మనకు దక్కలేదు!"

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. అన్న మరుక్షణమే ఆ మాటను వెనక్కి మింగేయాలనిపించింది ఆవిడకు. మాటలు అలా వెనక్కి వస్తే లోకంలో సగం ఏడుపులు ఉండవు. బిందు ఆనాటి నుంచి అత్తగారికి అన్నం పెడుతుంది, మంచినీళ్ళు పెడుతుంది, పలకరించడం మాత్రం మానేసింది.

ఆదివారం నాచారం మెయిన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే ఉమామహేశ్వర్ వచ్చాడు. ముందే పీకి తీసుకెళ్ళిన కాలిన హార్డ్ డిస్క్ బదులు కొత్తది బిగించాడు. గిరిప్రసాద్ బీరువాలోంచి చేతిలో ఇమిడే నల్ల డబ్బా ఒకటి తెచ్చి ఇచ్చాడు. వారానికోసారి కంప్యూటర్లో ఉన్నవన్నీ అందులోకి నకలు తీసే సాఫ్ట్‌వేర్‌ను అతనే పెట్టుకున్నాడు.

"ఫికర్ జెయ్యకన్నా," అన్నాడు ఉమామహేశ్వర్. "నీ బ్యాకప్ గీ డబ్బాల భద్రంగున్నది. ఇగ అన్నీ వాపస్ తెచ్చుడే."

సుబ్బులు గుమ్మం దాటి లోపలికి రాలేదు. అక్కడి నుంచే అడిగింది. "ఏం బాబూ, పిల్ల ఫోటోలు మళ్ళీ వస్తాయా?"

"ఎందుకు రావమ్మా? బ్యాకప్ అంటెనే గది. జర కూసో, సూద్దువు."

ఆవిడ దేవుడి గదిలోకి వెళ్ళి కూర్చుంది. ఫోటోలు తియ్యకూడదని ఇల్లంతా కట్టడి చేసిన మనిషి, ఒక్క ఫోటో రప్పించు తండ్రీ అని వెంకటేశ్వరస్వామికి ముడుపు కట్టింది. కొడుకూ కోడలూ తన మాట వినకపోవడమే మంచిదైందని జీవితంలో మొదటిసారి అనుకుంది. ఫోటోలు వస్తే కోడలి కళ్ళలో కాస్త వెలుగు వస్తుంది. ఆ వెలుగులో తను అన్న మాటను క్షమిస్తుందేమో. ఆవిడ ఆశంతా అదే.

తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా సాగింది. పాత పాటలు వచ్చాయి. ఆఫీసు లెక్కలు వచ్చాయి. ఎవరో పెళ్ళి వీడియో కూడా వచ్చింది. పిలవని చుట్టాల్లా అన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి.

"అయిపోయిందన్నా. పాప ఫోటోలు ఏ పేరుతోని పెట్టినవ్?"

గిరిప్రసాద్ వెతికాడు. మళ్ళీ వెతికాడు. ఉమామహేశ్వర్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"అన్నా, గా ఫోల్డర్ కనబడకుండ దాచి పెట్టినవా?"

"అమ్మ చూస్తుందని..."

"దాచినవాటిని గీ సాఫ్ట్‌వేర్ ముట్టదన్నా. అవి గూడ తీస్కో అని షురూలనే టిక్కు పెట్టాలె. నువ్వు పెట్టలే."

"పాత డిస్కులోంచి ఎలాగైనా..."

"సికింద్రాబాద్‌ల పెద్ద షాపుల గూడ సూపిచ్చిన. మొత్తం కాలిపోయింది, ఏం రాదన్నరు."

దేవుడి గదిలో ఉన్న సుబ్బులుకు ఆ మాటలన్నీ వినబడ్డాయి. కంప్యూటర్ సంగతులు ఆవిడకు తెలియవు, తెలియనక్కర్లేదు కూడా. తన కంట పడకుండా దాచినవి ఆ యంత్రం కంట కూడా పడలేదు. అంతే సంగతి. తను అంత గట్టిగా కాదనకపోతే వాళ్ళు దాచేవారే కాదు.

తెచ్చినవి సరిగ్గా తెరుచుకుంటున్నాయో లేదోనని ఉమామహేశ్వర్ ఒక్కొక్కటే చూస్తున్నాడు. "గీ 'అమ్మ ఓటరు కార్డు' ఏందన్నా?" అని దాన్ని కూడా తెరిచాడు.

తెర నిండా సుబ్బులు ముఖం. తెల్లగోడ ముందు బిగుసుకుని కూర్చుని ఉంది. ఆవేళ ఒళ్ళో ఉన్న సిరిని బిందుకు అందించి, "పిల్ల పడకుండా తియ్యరా" అని గట్టిగా చెప్పి మరీ ఫోటో దిగింది. పిల్ల పక్కకైతే వెళ్ళింది గానీ నాయనమ్మ కొంగు వదల్లేదు. ఫోటో అంచులోంచి ఒక చిన్న చెయ్యి లోపలికి వచ్చి, భుజం మీది కొంగును గుప్పిట్లో బిగించి పట్టుకుంది. మణికట్టుకు నల్లపూసలు. దిష్టి తగలకూడదని సుబ్బులు తన చేత్తో గుచ్చి కట్టినవే.

గోడ వారగా కూర్చున్న బిందు లేచి వచ్చి ఆ గుప్పిటి మీద వేలు పెట్టింది. సుబ్బులు ఎప్పుడు వచ్చిందో కోడలి వెనకాల నిలబడి ఉంది.

"గిరీ," అంది. "నన్ను కత్తిరించెయ్యరా. నా మొహం ఎందుకు దానికి? ఆ చెయ్యి ఒక్కటీ ఉంచి, పెద్దది చేయించి పెట్టు."

బిందు తెర మీంచి వేలు తియ్యలేదు.

"వద్దు అత్తయ్యగారూ," అంది. "మీరు లేకపోతే అది దేన్ని పట్టుకుంటుంది?"

సిరి పోయిన రోజున కూడా పదిమందిలో నిబ్బరంగా నిలబడ్డ సుబ్బులు, అక్కడే నేల మీద చతికిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బిందు కిందికి వంగి, ఆ కొంగు రెండో అంచు పట్టుకుని పక్కనే కూర్చుంది.