గోడ మీద చావు కాగితం

రాత్రంతా కురిసిన వాన తెల్లవారేసరికి తెరిపిచ్చింది. న్యూ ఆర్లీన్స్ రేవులో పడవ కట్టేసి వీధిలోకి వచ్చాను. గోదాము గోడ మీద నల్ల అంచు చావు కాగితం కనబడింది. అందులో మా తమ్ముడి పేరు, ఓజెమ్ బాబినో. వాడింటికి పరుగెత్తాను. తలుపు వాడే తీశాడు.

"ఏంటన్నా ఆ చూపు?"

చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కొచ్చాను. చావు కాగితం మీద తర్వాతెప్పుడో అంటించిన నాటకాల కాగితాలు వానకు నాని కింద పడున్నాయి. వాడు వంగి చదివాడు.

"ఇది ఎప్పుడో పోయిన తాతది. ఆయన పేరేగా నాకు పెట్టారు. వయసు ఎనభై రెండని ఉంటే చూసుకోవద్దూ?"

"నీ పేరు చూశాక ఇంకేం కనపడుద్దిరా?"

వాడు నవ్వలేదు. తన పేరు మీద వేలు పెట్టి, కాగితం మళ్లీ మొదటి నుంచి చదివాడు.

వాడింటికెళ్లాక మరదలు గంబో పులుసు వడ్డించింది. ముగ్గురం కూర్చుని తిన్నాం.