పక్క సీటు అద్దం మీది ఆవిరి

రోజూ పొద్దున ఏడింటికి ఆ నర్సు తన పాత కారు తలుపు తీసి, ముందుగా పక్క సీటు వైపు అద్దం తుడిచేది. లోపలి నుంచి అరచెయ్యంత ఆవిరి పట్టి ఉండేది. అది వాళ్ళ నాన్న ఊపిరి. రెండేళ్ళ కిందట ఆసుపత్రికి వెళ్తూ ఆ సీట్లోనే పోయాడాయన. మనిషిని దింపారు గానీ ఊపిరి దిగలేదు. ఎదురింటావిడ కూడా పాలు వచ్చాయా అన్నంత మామూలుగా "మీ నాన్నగారు లేచారా?" అని పలకరించేది.

ఆయన పోయిన రోజు కారు వంతెన ఎక్కుతూ మూడుసార్లు ఆగింది. మూడోసారికి ఆయన చెయ్యి చల్లబడింది. ఇంజన్‌లో లోపముందని చెప్పే లైటు ఎప్పటినుంచో వెలుగుతూనే ఉంది గానీ, దానిమీద నల్ల టేపు అతికించి ఉంది. అతికించింది నాన్న స్నేహితుడు, మెకానిక్ బాబాయ్. ఆ తర్వాత ఆమె ఆయన గడప తొక్కలేదు.

ఇప్పుడు కారు మళ్ళీ మొరాయిస్తోంది. ఇంటింటికీ తిరిగి రోగులకు కట్లు కట్టే ఉద్యోగం ఆమెది, కారు లేకపోతే అదీ లేదు. అంత పాత బండిని ముట్టుకునేవాళ్ళు ఇంకెవరూ దొరక్క, పళ్ళు బిగించి ఆయన షెడ్డుకే వెళ్ళింది.

ఆయన బండి కిందికి దూరి చూశాడు. ఏళ్ళ తరబడి పొగ మింగిన ఛాతీ, మాటకో దగ్గు.

"ఆక్సిజన్ సెన్సర్ పోయిందమ్మాయ్. పొగలో గాలి ఎంత మిగిలిందో అదే చెప్పాలి. అది చెప్పక ఇంజన్ గుడ్డిగా పెట్రోలు తాగేస్తోంది."

"అప్పుడూ ఇదేనా?"

ఆయన చేతిలో స్పానర్ అలాగే ఉండిపోయింది.

"ఇదే. ఆ లైటు చూస్తే గుండె దడగా ఉందిరా అన్నాడు మీ నాన్న. బండి నడుస్తోందిగా, తర్వాత చూద్దాంలే అని టేపేశాను."

"ఈ మాట చెప్పడానికి రెండేళ్ళు నోరు రాలేదా బాబాయ్?"

ఆయన మళ్ళీ బండి కిందికి దూరాడు. తుప్పుతో బిగుసుకుపోయిన సెన్సర్‌ను వేడిచేసి విప్పాడు. కొత్తది బిగించి, గోటితో టేపు గీకేశాడు. లైటు ఆరిపోయింది.

"ఇది గాలి లెక్క గట్టిగా చూస్తుంది. మీ నాన్న ఊపిరికి ఇక గాలి ఎక్కువ మిగలదు," అన్నాడు మెల్లగా. అద్దం మీది ఆవిరి అప్పటికే చొక్కా గుండీ అంత అయింది.

"వంతెన ఎక్కించి చూద్దాం, పద," అంటూ పక్క సీట్లో కూర్చున్నాడు.

ఈసారి కారు ఆగలేదు. వంతెన నడిమధ్యలో మెకానిక్ ఊపిరి ఆగింది. ఛాతీ పట్టుకుని తల వాల్చేశాడు. ఒక్క క్షణం, పోతే పోనీ అనిపించింది ఆమెకు. అలా అనిపించినందుకు ఆమె చాలాకాలం సిగ్గుపడింది.

"నాన్నా!" అని అరిచింది.

గుండీ అంత ఆవిరి అద్దం మీంచి మాయమైంది. మెకానిక్ ఛాతీ పెద్ద చప్పుడుతో పైకి లేచింది. ఆమె వంతెన దిగేదాకా యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యలేదు.

మర్నాడు ఏడింటికి గుడ్డ పట్టుకుని కారు తలుపు తీసింది. అద్దం శుభ్రంగా ఉంది.

"మీ నాన్నగారు లేచారా?" అంది ఎదురింటావిడ.

"లేదు పిన్నీ. నిన్న దిగిపోయారు."

ఏడుస్తూనే ఆ పొడి అద్దాన్ని ఒకసారి తుడిచింది. తర్వాత బాబాయ్‌ని చూడ్డానికి ఆసుపత్రికి బయల్దేరింది.