కొంగున కట్టిన ఎండ

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక శంకరప్ప చీరల మూటలు విప్పి దుమ్ము దులిపేవాడు. డ్రైవర్ ఖాజాసాబ్ బ్యాటరీ మూతలు తీసి లోపల నీళ్ళు ఎంతున్నాయో చూసేవాడు. శంకరప్ప భార్య రామాంజినమ్మ తన పెళ్ళినాటి తెల్ల పట్టుచీరను వ్యాను పైకప్పు మీద పరిచి, గాలికి ఎగరకుండా మూలలకు రాళ్ళు పెట్టేది. పొద్దు వాలకముందే తీసి మడత పెట్టేది. చీకటి పడ్డాక వ్యాను లోపల తీగ మీద వేలాడదీస్తే, పగలు తాగిన ఎండను ఆ చీర నిదానంగా వదిలేది.

బెంగుళూరులో మిలిటరీ పటాలం వాళ్ళు పాత బండ్లు వేలం వేసినప్పుడు శంకరప్ప కొన్న వ్యాను అది. ధర్మవరంలో తాను నేసిన చీరలను అంగళ్ళకు అప్పజెప్పకుండా సంతలకూ జాతరలకూ తానే తీసుకుపోయి అమ్మాలని ఆయన పంతం. లోపల ఒక పక్క చీరలు, ఒక పక్క పడక, వెనక తలుపు దగ్గర కిరసనాయిలు పొయ్యి. నెలలో సగం రోజులు సంసారమంతా అందులోనే.

దీపం వెలుతురు ఎంత మోసకారిదో పట్టుచీర కొన్నవాళ్ళకు తెలుసు. లాంతరు కింద ఆకుపచ్చ నీలమవుతుంది. పెట్రోమాక్స్ కింద ముతక చీర కూడా పెళ్ళికూతురిలా కనిపిస్తుంది. హిందూపురంలో బెల్లం మండీ పక్కన ఒక అంగడాయన ఉండేవాడు, చీకటి పడితే గానీ పాత సరుకు బయటికి తీసేవాడు కాదు. ఆయన సంగతి మొదలుపెడితే ఈ కథ ముందుకు సాగదు. శంకరప్ప వ్యానులో మాత్రం రాత్రి ఎనిమిదికి కూడా రంగు రంగులాగే కనిపించేది. అందుకే జనం సంతలో పనులన్నీ ముగించుకొని మరీ ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు.

"ఏమ్మా రామాంజినమ్మా, ఈపొద్దు ఎండ యాడిది?" అని అడిగేవాళ్ళు.

"నంబులపూలకుంటది."

"అదే అనుకుంటి. గట్టిగా ఉండాది."

పెనుకొండ ఎండ కొండ దాటుకొని ఆలస్యంగా వస్తుంది కాబట్టి కొంచెం మెత్తన. తనకల్లు ఎండలో చింతపండు వాసన. అన్నిటికన్నా నంబులపూలకుంటదే మేలురకం అని అందరూ ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆ ఊళ్ళో ఎకరాలకు ఎకరాలు సోలార్ పలకలు పరిచి ఎండ పడుతున్నారు. ఆ రోజుల్లో శంకరప్ప వాళ్ళకు ఒక్క చీర సరిపోయింది.

ఖాజాసాబ్‌కు ఈ ఏర్పాటు ఎంతో నచ్చింది. "బ్యాటరీ ఉండేది బండి లేచేదానికి అన్నా, మనం కూర్చునేదానికి కాదు," అనేవాడు. ఎనుములు అడ్డమొస్తే తప్ప హారన్ కొట్టడు. ఎక్కడ మకాం వేసినా వాలు వెతికి నిలుపుతాడు, స్టార్టర్ మొండికేస్తే దొర్లించుకోవచ్చని. ముందువైపు పెట్టి తిప్పే ఇనుప హ్యాండిలు కూడా ఒకటుండేది. అది తనకల్లు దగ్గర ఎదురు తిరిగి ఆయన మణికట్టు విరిచింది. ఆ కోపంలో ఎడమచేత్తోనే దాన్ని ఎత్తి దగ్గర్లోని బావిలో పారేశాడు. సీటు వెనక పటాలం వాళ్ళు బిగించిన చిన్న బల్బును ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

రామాంజినమ్మకూ అలాంటిదే ఒక నియమం. చీరంతా వెలగనిచ్చేది గానీ, కొంగు చివర మాత్రం ముడి వేసి ఉంచేది. ఆ ముడిలో ఆమె పెళ్ళిరోజు ఎండ ఉంది. వాళ్ళ నాయన ఆ చీర తానే నేసి, మగ్గం మీది నుంచి దించి, వాకిట్లో ఎండకు ఎత్తి పట్టుకొని చూసి, కూతురి చేతిలో పెట్టిన నాటిది. ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం లేడు. ఆడవాళ్ళు ఆపదకని కొంగున చిల్లర కట్టుకుంటారు. ఆమె ఎండ కట్టుకుంది.

"ఆ ముడి గూడా ఇప్పితే ఇంగా బాగా కనపడతాది గదా," అని శంకరప్ప ఒకసారి అంటే ఖాజాసాబే అడ్డుపడ్డాడు.

"వద్దన్నా. అది ఆయమ్మ బ్యాటరీ."

పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్తలో ఒక ఏడు, ఎండాకాలం మొదట్లోనే ఎన్నడూ లేని మబ్బు పట్టింది. అప్పుడే ఖాజాసాబ్ కూతురు జాహెదాకు ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలు. పెనుకొండ పిల్ల, పరీక్ష హిందూపురంలో. ఆమె అవ్వ దస్తగిరమ్మ ముందే తేల్చి చెప్పింది: "ఈ తూరి రాస్తే సదువు, రాయకుంటే పెండ్లి. ఇంగో మాట ల్యా." రైలుకు పంపించవచ్చు. కానీ "నా కూతురు నా బండిలోనే పోతాది," అన్నాడు ఖాజాసాబ్. ముందురోజు రొద్దం సంత చూసుకొని, తెల్లవారి బయలుదేరి గంట కొట్టేలోపు హిందూపురం చేరాలని అనుకున్నారు.

రొద్దంలో వాలున్న చోటంతా ఎద్దులబండ్లు నిండిపోయాయి. వ్యానును చదునైన నల్లరేగడిలో నిలపవలసి వచ్చింది. ఖాజాసాబ్ కూతుర్ని తీసుకొని ఊళ్ళో ఉన్న అక్క ఇంటికి భోజనానికి, పడకకు పోయాడు. పొద్దు గుంకాక గోవిందప్ప అనే రైతు పెళ్ళిచీరల కోసం ఇంటిల్లిపాదితో వచ్చాడు. మబ్బుకు చీర తాగిన ఎండ ఏపాటిది? దూరంగా కనిపించే దీపంలాగా మసకగా ఉంది.

"ఏమప్పా, ఇది వంకాయ రంగా, నలుపా? పెండ్లికి నల్లచీర పెడితే మా వియ్యపురాలు నన్ను ఎనుముల పక్కన గాడిపాడిలో కట్టేస్తాది!"

శంకరప్ప భార్య వైపు చూశాడు. ఆమె తీగ మీది చీర కొంగు ముడిని గుప్పిట్లోకి తీసుకొని తల అడ్డంగా ఊపింది. గోవిందప్ప లేవబోయాడు. శంకరప్ప చెయ్యి చాపి సీటు వెనక బల్బు వేశాడు. వంకాయ రంగు వంకాయ రంగుగానే కనిపించింది. బేరం కుదిరింది. ఆ సంతోషంలో ఆయన చీరలన్నీ తిరిగి దొంతర పెట్టాడు, బల్బుకు అడ్డంగా. తెల్లవార్లూ అది దొంతర వెనక వెలుగుతూనే ఉంది. ఎవరికీ కనపడలేదు. బయట సన్నగా వాన పడింది.

పొద్దున ఖాజాసాబ్ స్టార్టర్ నొక్కితే బండి టక్కుమంది. మళ్ళీ నొక్కితే ఆ మాత్రం కూడా అనలేదు. ఆయన వెనక్కి తిరిగి దొంతర పక్కకు జరిపాడు. బల్బు తీగ నిప్పురవ్వలా ఎర్రగా ఉంది.

"ఎవురేసినారు?"

"నేనే ఖాజా. ఆర్పేది మర్సిపోతి," అన్నాడు శంకరప్ప, తల ఎత్తకుండా.

ఖాజాసాబ్ బల్బు ఆర్పేసి కిందికి దిగాడు. తిట్టి ఉంటే శంకరప్పకు కొంత తేలిగ్గా ఉండేది. హిందూపురం బస్సు అప్పటికే పోయింది. సంతలో మిగిలినవాళ్ళు వచ్చి తోశారు. చక్రాలు ముందుకు పోకుండా బురదలోకి దిగాయి.

"దీనికన్నా మా ఎనుము నయమప్పా, తోస్తే కదుల్తాది," అన్నాడొకడు.

జాహెదా హాల్ టికెట్టూ పెన్నూ ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ఏడవలేదు. "నాయనా, నడిసి పోదామా?" అంది. హిందూపురం ఎంత దూరమో ఆ పిల్లకు తెలియక కాదు.

ఆ మాటకు రామాంజినమ్మ తెల్లచీర చేత్తో పట్టుకొని వ్యాను దిగింది.

"వద్దమ్మా," అన్నాడు ఖాజాసాబ్. "అది మీ నాయనది."

"లేచేదానికే గదప్పా దాచింది. నీది అయిపాయ, నాది ఉండాది. బానెట్టు ఎత్తు." చీరను బ్యాటరీకి చుట్టి కొంగు జాహెదాకు అందించింది. "జారనీకుండా రెండు చేతుల్తో అదిమి పట్టు పాపా."

ముడి విప్పింది. ధర్మవరం వాకిట్లో ఒక పాత పొద్దు మెల్లగా బయటికి వచ్చింది. గంజి పెట్టి ఆరేసిన పడుగు దారాల వాసన, పసుపు వాసన. మబ్బు కింద నిలబడినవాళ్ళందరికీ నీడలు పడ్డాయి. ఒక ముసలాయన తలపాగా సవరించుకున్నాడు. బ్యాటరీ లోపల నీళ్ళు కాగుతున్నట్టు సన్నని చప్పుడు.

"ఇప్పుడు చూడు."

ఖాజాసాబ్ నొక్కాడు. బండి ఒక్క పట్టున లేచింది. చక్రాల కింద జొన్నచొప్ప వేసి, జనం తోసి, బురద దాటించారు. దారి పొడుగునా ఖాజాసాబ్ ఇంజను ఆపలేదు. వెనక కూర్చొని రామాంజినమ్మ చీర మడత పెట్టుకుంది. జరీ మసకబారి, అది అందరి చీరల్లాంటి చీర అయింది.

గంట కొడుతుండగా చేరారు. హాలు లోపల మబ్బుకు చీకటిగా ఉంది, దీపాలు లేవు. ప్రశ్నపత్రం చదవలేక పిల్లలు కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నారు. జాహెదా పెన్ను తీసింది. కొంగు అదిమిన వేళ్ళకు పసుపులాగా అంటిన ఎండ కాగితం మీద పడింది. ఆమె రాసుకుంటూ పోయింది.

"అక్కా, చెయ్యి రవ్వంత ఇట్ల జరుపు," అంది పక్క పిల్ల గుసగుసగా. మాట్లాడొద్దని చెప్పడానికి వచ్చిన అయ్యవారు, ఆమె చేతి దగ్గర వంగి తన గడియారంలో టైము చూసుకొని వెళ్ళిపోయాడు.

పరీక్ష ముగిసి బయటికొస్తే వ్యాను స్కూలు ముందర వాలులోనే నిలబడి ఉంది. శంకరప్ప టిఫిన్ పొట్లం పట్టుకొని ఎదురొచ్చాడు. "బాగా రాసినావా పాపా?"

"అన్నీ రాస్తి మామా."

ఆకలి మీద పొట్లం విప్పబోతూ చేతులు కడుక్కోవడానికి చెంబు అందుకుంది. రామాంజినమ్మ ఆ చెయ్యి పట్టుకొని ఆపింది. వేళ్ళ సందుల్లో ఇంకా కొంచెం వెలుగు మిగిలింది. ఆమె దాన్ని ఒక్కొక్క వేలి నుంచీ జాగ్రత్తగా తుడిచి తెల్లచీర కొంగుకు ఎక్కించి, ముడి వేసింది.

"అది ఎందుకత్తా, అంత రవ్వకి?"

"ఉండనీలే," అంది రామాంజినమ్మ, ముడి బిగిస్తూ. "రేపు టీచరు ట్రైనింగుకు పోవద్దా నువ్వు?"