అడ్డుదుంగ

వానలో క్వారీ లారీ వచ్చి దారికి అడ్డంగా వేసిన దుంగ ముందు ఆగింది. జ్వరంతో మూలుగుతున్న తొమ్మిదిమంది కూలీలను కాంట్రాక్టరు మనుషులు బస్తాల్లా దించేసి వెళ్లిపోయారు. ఆ కూలీల్లో ఒకడు మంత్రసాని ముసలమ్మ కొడుకు.

అంటురోగం వస్తే కొండవాళ్లు దారికి దుంగ వేస్తారు. బయటినుంచి వచ్చినవాడు ఎంతటివాడైనా ఏడు రోజులు దుంగ అవతలి పాకలో ఉండాల్సిందే. గంజి, కషాయం దుంగ మీద పెట్టి వస్తారు. ఆ కట్టుబాటు తాతల కాలంలో రెండుసార్లు ఊరిని నిలబెట్టింది.

దాన్ని కాపాడాల్సింది ఊరికి మందుమాకులు చూసే ముసలమ్మే. కానీ ఆ ఏడాది అందరూ క్వారీ చాకిరీలోనే ఉండిపోయి పాకకు గడ్డి కప్పలేదు. లోపల చినుకు పడని చోటు లేదు.

"అమ్మా, చలేస్తోందే" అన్నాడు కొడుకు.

కన్నపేగు ఆగలేదు. దుంగ ఎత్తించి అందరినీ ఊళ్లోకి తెచ్చింది.

కొడుకు బతికాడు. ఊళ్లో పదకొండుమంది పోయారు. ఆఖరున పోయింది ఆమె మనవరాలు. తను బొడ్డుకోసిన పిల్లను తనే మట్టిలో పెట్టింది.

ఊరు కూడినప్పుడు ముసలమ్మ లేచింది. "నేనే చంపాను. ఏం చేస్తారో చెయ్యండి."

మొగుణ్ణి పోగొట్టుకున్న పక్కింటి కోడలు కళ్లు తుడుచుకుంది. "తప్పు నీదే అత్తా, కాదనను. మరి ఒంట్లో సత్తువున్నన్నాళ్లూ పిండుకుని జ్వరం రాగానే పారేసిందెవడు? వాడు బంగళాకు గేటేసుకుంటే జాగ్రత్త, మనం దుంగేస్తే మూఢనమ్మకమా? వాడు డాక్టర్ని పంపేదాకా ఒక్కరం కూడా పనిలోకి దిగొద్దు!"

దుంగ మళ్లీ పడింది.

మూడోనాడు కాంట్రాక్టరు కూలీల కోసం లారీ వేసుకుని, పోలీసులను వెంటబెట్టుకొచ్చాడు. "దుంగ తీస్తారా, లోపలికొచ్చి ఇల్లిల్లూ గాలించమంటారా?" అని ఇన్‌స్పెక్టరు అరిచాడు. వెనక కానిస్టేబులు ఒకటే దగ్గు.

"లోపలికి రాకండి. వేయించింది నేను. నేనే వస్తున్నా" అంది ముసలమ్మ. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని దుంగ దాటింది.

కొడుకు ఏడుస్తూ పరుగెత్తుకొచ్చి దుంగ పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యరా! వదిలిపెడితే తిరిగొస్తా. వచ్చినా ఏడు రోజులు పాకలోనే ఉంటా. నేను ఏడ్చినా, చచ్చిపోతున్నానన్నా ఎత్తకండి."

ఆమెను లాక్కెళ్లారు. ఊరంతా చేతులు పట్టుకుని దుంగ వెనక నిలబడింది. కాంట్రాక్టరు ఎంత అరిచినా ఒక్కరూ కదల్లేదు.

లారీ ఖాళీగా తిరిగివెళ్లాక కొడుకు గడ్డి మోసుకొచ్చి పాక కప్పాడు. పక్కింటి కోడలు తన మొగుడి రగ్గు తెచ్చి లోపల మడిచిపెట్టింది.

"ముసలిది తిరిగొచ్చాక చలికి ఆగలేదు" అంది.